పాల లారీకి రెండో గొట్టం

లారీల విషయంలో నాకున్నంత చెవి ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, రికార్డు కోసం చెబుతున్నాను. మైలు దూరంలో బండి చప్పుడు వినిపిస్తే చాలు, అది ఏ కంపెనీదో, ఎన్నేళ్లదో, టైర్లు ఎంత అరిగాయో, నడిపేవాడు భోంచేసి బయల్దేరాడో, ఇంట్లో అలిగి బయల్దేరాడో కుర్చీలోంచి లేవకుండా చెప్పేస్తాను. ఇంతటి చెవి గలవాడిని కాబట్టే మా పాల సంఘం లారీ సైలెన్సర్ ఉదంతాన్ని రాబోయే తరాల కోసం రాసిపెట్టే బాధ్యత నా మీద పడింది. ఎవరు పెట్టారని అడక్కండి. కొన్ని బాధ్యతలు వాటంతట అవే పడతాయి, ఆ సైలెన్సర్ పడినట్టే.

అది పడింది ఒక మంగళవారం ఉదయం, శీతల కేంద్రానికి పాలు తీసుకెళ్లే దారిలో, పెద్ద మలుపు దగ్గర. లారీ నడిపేది మా అల్లుడు. పదకొండేళ్లుగా అదే బండి, అదే దారి, ఒక్క క్యాను కూడా ఒలకబోసిన పాపాన పోలేదు. కిందపడ్డదాన్ని గోనెపట్టాలో చుట్టి, పక్క సీట్లో చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి తీసుకొచ్చాడు.

"మావయ్యా, ఇది సైలెన్సర్ కాదు. పూర్వం సైలెన్సర్ ఉద్యోగం చేసిన తుప్పు" అన్నాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇంజను డీజిలు తాగి రెండు పనులు చేస్తుంది. పొగ కక్కుతుంది, రొద పెడుతుంది. ఆ పొగను వెనక్కి సాగనంపి, ఆ రొద నోరు నొక్కే గొట్టమూ డబ్బానూ కలిపి సైలెన్సర్ అంటారు. అది ఊడిపోతే ఏమవుతుందో మాకు ఆ వారంలో సవివరంగా తెలిసింది. మొదటి రోజు లారీ అదురుకి పాలు చిలికినట్టయి, శీతల కేంద్రం చేరేసరికి క్యాన్ల మూతలకు వెన్న అంటుకుని ఉంది. రెండో రోజు ఆ చప్పుడు వినగానే ఆవులు పాలు చేపడం మానేశాయి. మూడో రోజు, ఇరవై ఏళ్లుగా మాటల్లేని ఇద్దరు తోడికోడళ్లు ఆ రొదలో ఒకరి చెవిలో ఒకరు అరుచుకోక తప్పక మళ్లీ మాట కలిపారు. లారీ దాటిపోయాక, తాము అరుచుకున్నదేమిటో స్పష్టంగా వినబడి మళ్లీ విడిపోయారు.

నాలుగో రోజు రోడ్డు తనిఖీ వాళ్లు బండి ఆపి ఒక చీటీ చేతిలో పెట్టారు. పదిహేను రోజుల్లోగా సైలెన్సర్ బిగించి, తనిఖీ ఆఫీసులో పొగ పరీక్ష నెగ్గాలి. లేదా బండి రోడ్డెక్కకూడదు. సంఘం అధ్యక్షులవారు చీటీ చదివి, మా అల్లుడి భుజం తట్టి, పెద్ద మనసుతో ఓదార్చారు.

"నువ్వేం దిగులు పడకు. బండి ఆగినా సంఘం ఆగదు. మా తమ్ముడి వ్యాన్ ఖాళీగానే ఉంది. దానికి డ్రైవర్ కూడా ఉన్నాడు."

ఈ ఓదార్పు విన్నప్పటి నుంచి మా అల్లుడికి అన్నం సయించలేదు. మా అమ్మాయి నన్ను పట్టుకుంది.

"నాన్నా, పదిహేను రోజుల్లో ఒక్క గొట్టం బిగించలేరా వీళ్లు?"

"గొట్టం బిగించడానికి ఒక పూట చాలమ్మా. నిర్ణయం బిగించడానికే రోజులు పట్టేది."

"నీకు అన్నీ వేళాకోళమే. రేపు ఈయన ఇంట్లో కూర్చుంటే నీ పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. రోజంతా నీ కబుర్లు వినాలి, పాపం."

అల్లుడి భవిష్యత్తు ఎంత భయంకరంగా ఉండబోతోందో నాకు అప్పుడు అర్థమైంది.

మా దగ్గర వెల్డింగ్ షెడ్డు నడిపే ఆవిడ ఉంది. అరవై ఏళ్లవాళ్లు కూడా ఆవిడను వెల్డింగ్ అక్క అనే పిలుస్తారు. నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, లారీ కిందకి దూరి, రెండు నిమిషాల్లో అక్కడి నుంచే మా అల్లుడికి తీర్పు చెప్పింది.

"ఇంజన్ పొగ వదిలే దారి ఒక్కటే తమ్ముడూ. దానికి ఒక్క గొట్టం చాలు. రెండోది పెడితే బరువు, తుప్పు పట్టడానికి ఇంకో చోటు. ఎటూ స్టెప్నీ టైరుకే చోటు చాలట్లేదు. పొద్దున వదిలిపెట్టు, సాయంత్రానికి తీసుకెళ్లు."

అయితే ఈ అభిప్రాయం లారీ కింద పడుకుని చెప్పింది. సమావేశంలో కూర్చుని చెప్పింది కాదు. కనుక సంఘం దీన్ని పరిగణనలోకి తీసుకోలేదు.

ఇక్కడ మా సంఘం ఆచారం ఒకటి చెప్పాలి. సంఘం పుట్టి ముప్పై ఏళ్లయినా ఇంతవరకు ఒక్కసారి కూడా ఓటింగ్ జరగలేదు. ఎవరినీ ఓడించకూడదన్నది మా నియమం. ఇద్దరు రెండు మాటలంటే చెరి సగం అమలు చేస్తాం. గేటుకి ఏ రంగు వెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఒక తలుపుకి ఆకుపచ్చ, ఒక తలుపుకి నీలం వేశాం. ఆఫీసులోకి చేతులున్న కుర్చీలు కొనాలా, చేతుల్లేనివి కొనాలా అని చర్చ వచ్చినప్పుడు, ఒక్కొక్క చెయ్యి ఉన్న కుర్చీలు చేయించాం. కూర్చున్నవాళ్లందరూ ఒకే పక్కకి ఒరుగుతారు. చూడ్డానికి ఎంతో ఏకాభిప్రాయంగా ఉంటుంది.

అలాంటి కుర్చీల్లో కూర్చుని, ఐదో రోజు మధ్యాహ్నం, లారీకి ఒక గొట్టమా, రెండు గొట్టాలా అన్న అంశంపై సర్వసభ్య సమావేశం మొదలైంది. అధ్యక్షులవారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా! పక్క సంఘం లారీ వెనక రెండు గొట్టాలు ఉన్నాయి. నేను నా కళ్లతో చూశాను. వెనక వచ్చేవాడు మన లారీని చూసి ఏమనుకుంటాడు? మనిషికి రెండు కళ్లు, రెండు చెవులు, రెండు చేతులు. లారీ ఏం పాపం చేసింది? ఒంటి గొట్టంతో మన పాలు ఊరేగడం నేను బతికుండగా చూడలేను!"

చప్పట్లు మోగాయి. తర్వాత కార్యదర్శి లేచారు. ఆయన పూర్వాశ్రమంలో లెక్కల మాస్టారు.

"మనిషికి రెండు కళ్లున్న మాట నిజమే. నోరు మాత్రం ఒక్కటే. అధ్యక్షులవారికి రెండు ఉండి ఉంటే ఈ సభ ఏమై ఉండేదో ఆలోచించండి. పొగ అనేది ఒక రాశి. దాన్ని రెండుతో భాగిస్తే సగం అవుతుంది. సగం పొగకు పూర్తి గొట్టం ఎందుకు? ఇది గణితానికి జరుగుతున్న అవమానం!"

దీనికీ చప్పట్లు మోగాయి. కొట్టింది ఆ చేతులే. మా సభ్యులు చప్పట్ల విషయంలో కూడా ఎవరినీ ఓడించరు.

రెండు రోజుల్లో జనం ఒంటిగొట్టం వాళ్లు, జంటగొట్టం వాళ్లు అని రెండుగా చీలిపోయారు. పాలు పోయడానికి రెండు వరసలు వెలిశాయి. క్షౌరశాలలో ఒక అద్దం వాళ్లకీ, ఒక అద్దం వీళ్లకీ కేటాయించారు. మోటారు సైకిలు కూడా లేని ఒక పెద్దమనిషి ఒంటిగొట్టం పక్షాన మూడు రోజులు మౌనం పాటించాడు. ఆయన ఇంట్లోవాళ్లు నాలుగో రోజుకు కూడా పొడిగించమని బతిమాలుకున్నారట. ఒక ఇంట్లో మొగుడు జంటగొట్టం, పెళ్లాం ఒంటిగొట్టం. ఆవిడ ఆయనకి కాఫీ సగం గ్లాసే ఇచ్చి, "మిగతా సగం రెండో గొట్టంలోంచి వస్తుంది, కూర్చోండి" అంది.

సంఘం ఉపసంఘాలు వేసింది. బరువు ఉపసంఘం, అందం ఉపసంఘం, పొగ ఉపసంఘం, శబ్ద ఉపసంఘం. శబ్ద ఉపసంఘానికి ఏకైక సభ్యుడిని నేను. ఏ గొట్టం చప్పుడు వినసొంపుగా ఉందో తేల్చాలి. అందుకని నన్ను మా ఇంటి అరుగు మీద గోడకేసి తిప్పి కూర్చోబెట్టారు. వెనక వీధిలో ఒంటిగొట్టం లారీ ఒకటి, జంటగొట్టం లారీ ఒకటి నడిపిస్తామన్నారు. నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు వచ్చింది. చెయ్యెత్తి ప్రకటించాను.

"జంటగొట్టం! ఆరు చక్రాలు. ముందు ఎడమ టైరు అరిగింది. నడిపేవాడు ఆకలి మీద ఉన్నాడు."

వెనక్కి తిరిగి చూస్తే లారీలు ఇంకా రానే లేదు. అది మా అమ్మాయి వంటింట్లో పచ్చడి రుబ్బుతున్న మిక్సీ. ఆకలి మీద ఉన్నవాడు నేనే. మొదట్లో నేను చెప్పుకున్న చెవి ఇదే. నిజం ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఎడమ చెవి పనిచెయ్యడం మానేసి మూడేళ్లయింది. కుడిది దానికి తోడుగా, మర్యాద కోసం అక్కడే ఉంటోంది. అయినా నా నివేదికను సంఘం యథాతథంగా ఆమోదించింది. మిగతా ఉపసంఘాల నివేదికల కన్నా ఇదే స్పష్టంగా ఉందని మెచ్చుకుంది కూడా.

ఇలా గడువులో పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు అధ్యక్షులవారి తమ్ముడు తన వ్యాన్‌ని కడిగించి, సంఘం గేటు ముందు నీడలో నిలబెట్టాడు. అది చూసిన మా అల్లుడు, పదకొండేళ్లలో ఎన్నడూ సమావేశం గడప తొక్కనివాడు, నేరుగా లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, ఒకటి పెట్టండి, రెండు పెట్టండి, పది పెట్టండి. ఎల్లుండి పొద్దుటికి ఏదో ఒకటి పెట్టండి. నాకు తెలిసిన పని ఇదొక్కటే. ఇది పోతే నేనేం చెయ్యాలి?"

ఒకరిద్దరి కళ్లు చెమర్చాయి. "గొట్టాల అంశంలో డ్రైవరు ఉభయ పక్షాలనూ సమర్థించినందుకు సంఘం హర్షం వ్యక్తం చేస్తోంది" అని పుస్తకంలో రాసుకున్నారు. ఆ హర్షంలోంచే చారిత్రక తీర్మానం పుట్టింది. చూపుకు రెండు, పనికి ఒకటి.

తీర్మానం ప్రతిని వెల్డింగ్ అక్కకు ఇవ్వడానికి సంఘం తరఫున ముగ్గురు వెళ్లారు. నాలుగోవాడిని నేను. ఆవిడ రెండుసార్లు చదివింది.

"రెండో గొట్టాన్ని దేనికి తగిలించాలి?"

"లారీకి."

"లారీకి సరేనండీ. ఇంజన్‌కో?"

"ఇంజను జోలికి పోవద్దు. అది మాస్టారి వర్గానిది."

ఆవిడ నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను.

"ఏం బాబాయ్, నువ్వు కూడానా?"

"అల్లుడి ఉద్యోగం తల్లీ."

"నాకేం, బిగిస్తాను. రేకు రేకే, బోల్టు బోల్టే. కానీ పొగ రాని గొట్టాన్ని బిగించడం నా జన్మలో ఇదే మొదలు."

సాయంత్రానికల్లా పని పూర్తయింది. కుడివైపు పనిచేసే గొట్టం, మామూలు ఇనుముది. ఎడమవైపు పనిలేని గొట్టం, తళతళలాడే స్టీలుది. పనిలేనిది కాబట్టి దానికి మెరుపు ఎక్కువ పెట్టాలని అందం ఉపసంఘం పట్టుబట్టింది. జంటగొట్టం వాళ్లు వెనక నిలబడి రెండూ చూసుకుని మురిసిపోయారు. ఒంటిగొట్టం వాళ్లు కిందికి వంగి ఒకటే తగిలించి ఉండటం చూసుకుని మురిసిపోయారు. అధ్యక్షులవారు రిబ్బను కత్తిరించి, "ఇది రాజీ కాదు, విజయం" అన్నారు. మాస్టారు కూడా అదే అన్నారు. ఇద్దరూ ఎవరికి వారు తమ మాటే నెగ్గిందన్న ధీమాతో ఒకరినొకరు అభినందించుకున్నారు.

పదిహేనో రోజు ఉదయం నలభై మందిమి లారీ వెనకాలే తనిఖీ ఆఫీసుకి వెళ్లాం. మా అల్లుడి ముఖంలో రక్తం లేదు. గొట్టం సంగతి తేలింది గానీ, ఇంజను ముసలిది. కుడి గొట్టంలోంచి వచ్చే పొగ పొయ్యి రాజేసినట్టుంటుంది. పరీక్షలో ఎలా నెగ్గుతుందో ఏ ఉపసంఘమూ ఆలోచించలేదు. అది ఎజెండాలో లేదు.

తనిఖీ ఆఫీసరు యంత్రం తెచ్చారు. ఒక పెట్టె, పెట్టెకో పైపు, పైపు చివర ఒక పుల్ల. పుల్లను గొట్టంలో దూర్చి, ఇంజను గట్టిగా ఉరికిస్తే పొగ ఎంతో పెట్టె మీద అంకె వస్తుంది. ఆయన లారీ వెనక నిలబడి రెండు గొట్టాలనూ చూశారు.

"ఏ గొట్టంలో పెట్టమంటారు?"

మా అల్లుడు అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. కిటికీలోంచి తల బయట పెట్టి, నోరు తెరిచాడు. సరిగ్గా అదే క్షణంలో నాకు దగ్గొచ్చింది. మామూలు దగ్గు కాదు, సైలెన్సర్ ఊడిన దగ్గు. అది తగ్గేలోపు అధ్యక్షులవారు ముందుకొచ్చి, చెయ్యి చాపి, "ప్రధానమైనది ఇదండీ" అని మెరిసే గొట్టం చూపించారు.

ఆఫీసరు పుల్ల దూర్చారు. ఇంజను ఉరికింది. కుడి గొట్టం తన ధర్మం తాను నిర్వర్తించింది. ఆఫీసరు తెల్ల చొక్కా మొదట బూడిద రంగుకి, తర్వాత ముదురు బూడిద రంగుకి తిరిగింది. పెట్టె మీద అంకె మాత్రం సున్నా. ఆయన యంత్రాన్ని తట్టారు. సున్నా. ఇంకో యంత్రం తెప్పించారు. సున్నా. అనుమానం తీరక పుల్లను బయటికి తీసి గాలిలో పట్టుకుంటే ఎనిమిది వచ్చింది. మళ్లీ గొట్టంలో పెడితే సున్నా. వాతావరణం కన్నా మా లారీయే శుభ్రంగా ఉందన్న సంగతి శాస్త్రీయంగా రుజువైంది. ఆయన దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, కాగితం కనబడక తడుముకుంటూ, ధ్రువపత్రంలో "పొగ లేదు" అని స్వదస్తూరీతో రాసి ముద్ర కొట్టారు.

నలభై మందిమీ చప్పట్లు కొట్టాం. అధ్యక్షులవారి తమ్ముడు వ్యాన్‌ని ఇంటికి తీసుకెళ్లిపోయాడు. మా అమ్మాయి ఆ పూట నా కంచంలో రెండోసారి కూర వడ్డించింది.

ఆ తర్వాత సంగతులు వరసగా జరిగాయి. మా లారీకి ఆదర్శ వాహనం అన్న ప్రశంసాపత్రం, ఒక గోడ గడియారం వచ్చాయి. నెలలోపే పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. స్వచ్ఛమైన గాలి కోసం ప్రతి లారీకీ ఎడమవైపున రెండో గొట్టం ఉండాలి. వెల్డింగ్ అక్క షెడ్డు ముందు బళ్లు బారులు తీరాయి. ఆవిడ నిజాయితీ గల మనిషి కనుక బోర్డు రాయించింది. "పరీక్ష గొట్టాలు బిగించబడును. ఇంజనుతో సంబంధం ఉండదు." ఆ బోర్డు చదివి ఎవరూ వెనక్కి వెళ్లలేదు. కొందరైతే, సంబంధం ఉండదని రాసివ్వమని కూడా అడిగారు.

ఆలోచన నలుగురికీ పాకింది. హోటలాయన తనిఖీకి వచ్చేవాళ్ల కోసం రెండో వంటగది కట్టించాడు. అందులో ఇంతవరకు పొయ్యి వెలగలేదు. అంత శుభ్రమైన వంటగది ఎక్కడా చూడలేదని వాళ్లు రాసి వెళ్లారు. బడిలో తనిఖీకి వచ్చినవాళ్లతో ప్రశ్నలు అడిగించుకోవడానికి, బాగా చదివే పిల్లలతో వెనక ఒక ప్రత్యేకమైన బెంచీ వేశారు. ఆస్పత్రిలో ఎవరూ పడుకోని మంచం ఒకటి తెల్ల దుప్పటితో తలుపు పక్కనే ఉంటుంది. ఆ మంచం మీద ఈ ఏడాది ఒక్క చావు కూడా నమోదు కాలేదు.

ఒక్క మా అల్లుడికే మనసు కుదుటపడలేదు. రెండు నెలల తర్వాత సంఘానికి వినతిపత్రం పెట్టుకున్నాడు. డీజిలు కొట్టే నాజిళ్లు పాడయ్యాయి, పొగ క్యాబిన్‌లోకి కమ్ముతోంది, దగ్గుతో నిద్ర పట్టడం లేదు, ఇంజను బాగుచేయించండి అని. సంఘం సావధానంగా పరిశీలించింది. ధ్రువపత్రం తీసి చూసింది. పొగ సున్నాగా ఉన్న ఇంజనుకు మరమ్మతు అవసరం కనిపించడం లేదనీ, ఆదర్శ వాహనం నడిపే వ్యక్తి దగ్గడం సంఘం ప్రతిష్ఠకు తగదనీ జవాబిచ్చింది. ఈ ఒక్క విషయంలో ఒంటిగొట్టం వాళ్లు, జంటగొట్టం వాళ్లు ఒక్క మాట మీద నిలబడ్డారు.

ఆ జవాబు పట్టుకుని మా అల్లుడు నా దగ్గరికి వచ్చాడు.

"మావయ్యా, ఉద్యోగం ఉంది. ఊపిరే లేదు."

"వాళ్లని రెండో ఊపిరితిత్తి పెట్టించమందామా?" అన్నాను. ఎప్పుడూ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

ఇదీ జరిగింది. పచ్చి నిజం. మూతలకు వెన్న అంటడం నిజం, ఒంటి చెయ్యి కుర్చీలు నిజం, కావాలంటే వచ్చి ఒరిగి చూడండి. నేను కల్పించింది ఒక్కటే. "ఏ గొట్టంలో పెట్టమంటారు?" అని ఆఫీసరు అడిగారని రాశానే, అది. ఆయన అడగలేదు. వచ్చారు, మెరిసేది చూశారు, పుల్ల దూర్చారు. అడగలేదు కనుక మా అల్లుడు చెప్పబోవడమూ లేదు, నాకు దగ్గు రావడమూ లేదు, అధ్యక్షులవారు చెయ్యి చాపడమూ లేదు. నలభై మందిమి నోళ్లు మూసుకుని నిలబడ్డాం, అంతే. చేతులు మాత్రం తెరిచి ఉంచాం, చప్పట్ల కోసం.

మీరైతే ముందుకొచ్చి నిజం చెప్పేవారంటారా? చెప్పేవారే, సందేహం లేదు. కాకపోతే జవాబు చెప్పే ముందు, ఆ లారీలో కూర్చున్నది మీ అల్లుడనుకుని ఒక్కసారి చెప్పి చూడండి.